ఇనుము లేని ఇంట్లో ఉక్కు ముల్లు

నేను ఒక ఉక్కు ముల్లును. పొడవు మీ చిటికెన వేలి మీది రెండు గీతల మధ్య ఎడమంత. బరువు సంగతి అడక్కండి, ఒక ఈగ వచ్చి నా మీద వాలితే ఎవరు ఎవరిని మోస్తున్నారో చెప్పడం కష్టం. అయినా ఒకప్పుడు నా మాట మీద ఒక ఊరు ఊరంతా పొయ్యిలు ఆర్పేసింది. ఆ మాట నేను అన్నానా లేదా అన్నది చివరికి మీరే తేల్చుకోండి. నేనైతే అబద్ధం ఆడను. ఆడాలన్నా నాకు చేతనైనవి రెండే పనులు, ఎడమకు తిరగడం, కుడికి తిరగడం. అంత ఇరుకులో ఎంత అబద్ధం పడుతుంది?

మాది గడియారాల వంశం. బందరులో వహీదు మేస్త్రి అని గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. ఎవరో పెద్దింటివాళ్ళు గంటలు కొట్టడం మానేసిన గోడ గడియారాన్ని ఆయన దగ్గర పడేసి పోయారు, మళ్ళీ రాలేదు. ఏడేళ్ళు చూసి, ఆయన దాని పొట్ట విప్పి స్ప్రింగు బయటికి లాగాడు. అందులోంచి ఒక తునక విరిచి, సాపు చేసి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. ఆ క్షణాన నేను పెట్టిన కేకకు దుకాణంలో ఆగిపోయి ఉన్న పదకొండు గడియారాలు ఒక్కసారిగా నడవడం మొదలెట్టాయని ఆయన జీవితాంతం చెప్పుకున్నాడు. మనిషి కాస్త పెంచి చెప్పే రకం. నాకు వినబడ్డవి తొమ్మిదే.

తర్వాత నన్ను రాగి తీగ చుట్టలో పెట్టి కరెంటు పంపారు. అప్పటి నుంచి నాకు ఉత్తరం అంటే ఏమిటో తెలుసు. అంతకు ముందు నాలుగు దిక్కులూ ఒకటిగానే ఉండేవి. మనుషుల్లో చాలామందికి ముసలితనం వచ్చాక కూడా ఎటు తిరిగి నిలబడాలో తెలియదు. నాకు ఆ పని ఒక్క పూటలో అయిపోయింది.

కొన్నాళ్ళు ఒక కాలేజీలో ఉన్నాను. అక్కడి విద్యార్థులు నా పక్కన ఇనుప స్కేలు పెట్టి నన్ను గిరగిరా తిప్పి నవ్వుకునేవారు. చదువంటే అదేనని వాళ్ళూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఆ తర్వాతనే నాకు అసలు ఉద్యోగం వచ్చింది. ఒంగోలుకు పడమర, గుండ్లకమ్మకు దగ్గరలో మొగిలిగుండ్ల అనే ఊరు. ఆ ఊరి బయట, పొగాకు చేల మధ్య, భూమి అయస్కాంతాన్ని కొలిచే స్టేషను ఒకటి కట్టారు.

భూమి కూడా నా బోటి అయస్కాంతమే. నాకంటే కాస్త పెద్దది, అంతే. దాని పట్టు రోజంతా ఒక్కలా ఉండదు. పొద్దెక్కేకొద్దీ పిసరంత మారుతుంది, సాయంత్రానికి సర్దుకుంటుంది. సూర్యుడికి ఒళ్ళు మండిన రోజున ఆ చిరాకు ఇక్కడిదాకా వచ్చి నన్ను వణికిస్తుంది. ఈ మార్పులన్నీ పట్టుకోవడమే నా పని. నన్ను ఒక సన్నటి పోగుకు వేలాడదీశారు. దాని ముందు సాలీడు దారం బావి మోకులాగా ఉంటుంది. నా వీపుకు కందిబద్దంత అద్దం అతికించారు. దీపం వెలుగు ఆ అద్దం మీద పడి, ఎదురుగా ఉన్న గీతల పట్టీ మీద చుక్కై వాలుతుంది. నేను కంటికి కనబడనంత తిరిగినా ఆ చుక్క రెండు గీతలు జరుగుతుంది. అదే వెలుగు మరో పక్క పెట్టెలో తిరిగే ఫొటో కాగితం మీద రేయింబవళ్ళు గీత గీస్తూ ఉంటుంది. రోజుకొక కాగితం.

ఇంత సుకుమారమైన ఉద్యోగం కనుక నా ఇంట్లో ఇనుము ఉండకూడదు. గోడలు రాయి, సున్నం. దూలాలకు కొయ్య చీలలు. తలుపుకు ఇత్తడి బందులు, రాగి మేకులు. ఇనప మేకు లేకుండా ఇల్లేందని ఊరి వడ్రంగి మూడు రోజులు అలిగి పనిలోకి రాలేదు. కట్టడం పూర్తయ్యాక అది పడిపోవడం చూద్దామని రోజూ వచ్చి ఎదురుగా కూర్చునేవాడు. అది పడలేదు. ఆయనకు అదొక మనోవ్యాధి అయింది.

లోపలికి వచ్చే ప్రతి మనిషి దగ్గరా ఇనుము దిగబెట్టించడం ప్యూను ఇజ్రాయేలు పని. వాకిలికి ఇరవై బారల దూరంలో ఒక గుంజకు ఈతబుట్ట వేలాడదీసి, దాని పక్కన యముడి చిత్రగుప్తుడిలా నిలబడేవాడు. తాళాలు, చాకులు, గొడుగులు, బెల్టులు అన్నీ అందులోకే. ఒకసారి పై ఆఫీసు నుంచి తనిఖీకి ఒక పెద్దమనిషి వచ్చాడు. బుట్ట సగం నిండాక ఇజ్రాయేలు ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఇంకేమన్నా ఉండాదా సారూ?"

"ఏమీ లేదయ్యా."

"మొలకాడ ఏందో మెరుస్తాంది."

"పిన్నీసు."

"అదీ ఇనుమే గదా సారూ."

"అది తీస్తే పంట్లాం నిలబడదయ్యా!"

"పంట్లాం మీరు పట్టుకోండి. పిన్నీసు నేను పట్టుకుంటా."

ఆ పెద్దమనిషి నా తనిఖీ మొత్తం ఒంటి చేత్తోనే చేశాడు. నా గురించి మంచిగానే రాశాడు. ఎక్కువసేపు పరీక్షించే తీరిక ఆయనకు లేదు.

నన్ను చూసుకునే ఆబ్జర్వరు పేరు ఆదిశేషయ్య. కాకినాడ వైపు మనిషి, సన్నగా, నిటారుగా, గడియారం మింగినవాడిలా ఉండేవాడు. భూమిని మోసేవాణ్ణే సర్కారోళ్ళు పంపించారు, మనకింక దిగులేందని ఊళ్ళో వాళ్ళు నవ్వుకునేవారు. రోజూ పొద్దున ఎనిమిదింటికి లోపలికి వచ్చి కాగితం మార్చి, నా ఎదుట ముక్కాలి పీట మీద గంటసేపు కూర్చుని, వెలుగు చుక్క ఏ గీత మీద ఉందో రిజిస్టరులో రాసుకునేవాడు. ఈ పని కోసం ప్రత్యేకంగా రెండు ఖద్దరు కోట్లు కుట్టించుకున్నాడు. బొత్తాలు కూడా కొయ్యవే. ఒక కోటు ఒంటి మీద, ఒకటి చాకలి దగ్గర. ఎనిమిదేళ్ళు ఇలాగే నడిచింది. మా ఇద్దరి మధ్యా ఒక్క మాట పొరపొచ్చం లేదు.

తొమ్మిదో ఏడు పుష్యమాసంలో భూమి వణకడం మొదలెట్టింది.

మొదట్లో ఆ చప్పుడు, ఎవరో కుండల బండిని రాళ్ళ దారిన తోలుకుపోతున్నట్టు ఉండేది. ఉట్టి మీద చట్లు ఊగేవి, గోడల నుంచి సున్నం రాలేది. పది లెక్కపెట్టేలోగా ఆగిపోయేది. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు. ఊళ్ళోవాళ్ళు మంచాలు వీధిలోకి తెచ్చుకున్నారు. భూమి ఎందుకు వణుకుతుందో ఊళ్ళో ఎన్ని నోళ్ళున్నాయో అన్ని కారణాలు పుట్టాయి. ఒక ముసలాయన తన బావిలో నీళ్ళు ఉడికి అందులోని చేప పులుసైందని చెప్పాడు. ఆయన బావిలో చేపే లేదని తెలిసినవాళ్ళు కూడా ఉప్పు సరిపోయిందా అని అడిగారు.

ఆదిశేషయ్య భార్య కనకవల్లికి ఈ నవ్వులు పట్టలేదు. ఆవిడ భయమల్లా ఒకటే. ఊరంతా ఆరుబయట ఉంటే, తన మొగుడు రోజూ గంటసేపు రాతి ఇంట్లో తలుపు మూసుకుని కూర్చుంటాడు. సెలవు పెట్టమంటే వినడు. నేను వెళ్ళకపోతే గీత తెగిపోతుందే అంటాడు. అలాంటప్పుడు కొత్తపట్నం నుంచి వచ్చి ఎండు చేపలు అమ్మే ఆవిడ బుట్ట దించుకుని, సంగతి విని, కొంగు ముడిలోంచి ఒక మేకు ముక్క తీసి ఇచ్చింది. ఇరవై ఏళ్ళు మునగని పడవ మేకట. ఒంటి మీద ఆ ఇనుము ఉంటే మనిషికి భయమూ అంటదు, గండమూ అంటదు అని చెప్పింది. మేకు ఒక్కటే ఉంది కనుక కనకవల్లి రెండు కోట్లలో ఒకదాని కాలరు విప్పి, అందులో దాన్ని పెట్టి, కుట్టు కనబడకుండా కుట్టేసింది. మొగుడికి చెప్పలేదు. చెబితే తీసేస్తాడని ఆవిడకు తెలుసు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. తెలిసినప్పుడు ఆవిడ మీద కోపం రాలేదు. ఆ జిల్లా మొత్తంలో ఇనుము లేకుండా కుట్టించిన కోట్లు రెండే రెండు. మేకు వెళ్ళి వెళ్ళి అందులోనే కూర్చుంది. అంత కచ్చితంగా గురి కుదరడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ కోటు వేసుకుని ఆయన నా ఎదుట కూర్చున్న రోజున నేను పన్నెండు గీతలు పక్కకు తప్పుకున్నాను. తప్పుకోక ఏం చేస్తాను? పడవ మేకు నన్ను అంత దగ్గర నుంచి పిలుస్తుంటే. ఆదిశేషయ్య కంగారుపడి తన ఒళ్ళు తడుముకున్నాడు, ఇజ్రాయేలు చేత తడిమించుకున్నాడు, పీట తిరగేసి చూశాడు. ఏమీ దొరకలేదు. మర్నాడు సాయంత్రం భూమి వణికింది.

మళ్ళీ చాకలి తిప్పుళ్ళలో ఆ కోటు వచ్చిన రోజున నేను పన్నెండు గీతలు తప్పుకున్నాను. ఆ పూటే భూమి వణికింది.

ఆయన రిజిస్టరు ముందేసుకుని రెండు వరసలు రాశాడు. ఒకదాంట్లో నేను తప్పుకున్న రోజులు, రెండోదాంట్లో భూమి వణికిన రోజులు. నేను తప్పుకున్న ప్రతిసారీ రెండు రోజుల్లోపు వణుకు వచ్చింది. అయిదుకు అయిదు. నేను తిన్నగా ఉన్న రోజుల తర్వాత వచ్చిన వణుకులను ఆయన ఏ వరసలోనూ రాయలేదు. భూమి వారానికి రెండు మూడుసార్లు వణుకుతున్న రోజుల్లో, ఇజ్రాయేలు తుమ్మినా రెండు రోజుల్లోపు వణుకు వస్తుంది. ఆయన తుమ్ములకు రిజిస్టరు లేదు కాబట్టి ఆ ఖ్యాతి ఆయనకు దక్కలేదు.

పైగా ఆదిశేషయ్య చదువుకున్నవాడు. నేల లోపల బండలు నలిగేటప్పుడు వాటి అయస్కాంతం మారవచ్చుననీ, కంపానికి ముందే పైన ఉన్న ముల్లుకు అది తెలియవచ్చుననీ దేశదేశాల వాళ్ళు వాదించుకుంటున్నారని ఆయన పుస్తకాల్లో చూశాడు. కొందరు ఔనన్నారు, కొందరు కాదన్నారు. ఔనన్నవాళ్ళ పేజీలు ఆయన రెండుసార్లు చదివాడు. ఫొటో కాగితం మీద నా తప్పుకోలు ఆయన కూర్చున్న గంటలోనే ఎందుకు కనబడుతుందో, మిగతా ఇరవై మూడు గంటలు ఎందుకు లేదో అన్న అనుమానం కూడా వచ్చింది. పొద్దు పొడిచి నేల కాస్త వేడెక్కిన ఆ గంటలోనే బండలు నోరు విప్పుతాయని దానికీ ఒక సమాధానం చెప్పుకున్నాడు. తెలివైనవాడికి సమాధానాలకు కొదవ ఉండదు.

ఆరోసారి ఆ కోటు వచ్చిన రోజున చలి బాగా ఉంది. ఆయన కాలరు పైకి లేపుకుని, చుక్కను బాగా చూద్దామని నా వైపు వంగాడు. నేను ఇరవై గీతలు తప్పుకున్నాను. ఆయన ముఖం పాలిపోయింది. ఇన్నాళ్ళ పన్నెండు గీతలకే గోడలు బీటలిస్తే ఇరవైకి ఏమవుతుంది? రిజిస్టరు మూసి తిన్నగా సర్పంచి దగ్గరికి వెళ్ళి, రేపు పొద్దున నుంచి ఎల్లుండి దాకా ఎవరూ ఇళ్ళల్లో ఉండవద్దు, ఎక్కడా నిప్పు ఉండకూడదు అని చెప్పాడు. సాయంత్రానికి ఊళ్ళో టముకు వేశారు.

నిప్పు మాట ఎందుకంటే, అది పొగాకు కాల్చే కాలం. ఊళ్ళో ఏడు బేరన్లు ఉన్నాయి. బేరన్ అంటే కిటికీలు లేని ఎత్తైన ఇటుక కొట్టం. లోపల కర్రలకు కట్టిన పచ్చాకు అటక మీద అటకగా వేలాడుతుంది. కింద రేకు గొట్టాలు, వాటిలోకి బయటి పొయ్యి నుంచి వేడి పోతుంది. ఆరు రోజులు ఆ పొయ్యి ఆరకూడదు. ఆరితే ఆకు నల్లబడి ఎందుకూ పనికిరాదు. అంతకు ముందు వారమే ఒక వణుకుకు పక్క ఊరి బేరనులో గొట్టం జారి, ఆకంతా అంటుకుంది. అందుకే సర్పంచి నిప్పు మాట గట్టిగా పట్టుకున్నాడు. ఆరుగురు ఆర్పేశారు, వాళ్ళవి మొదటి రోజో, రెండో రోజో.

ఏడో బేరను సౌభాగ్యమ్మది. ఆమె మొగుడు పోయి నాలుగేళ్ళయింది. సేద్యమంతా ఆమె చేతుల మీదే నడిచేది. ఆమె పొయ్యికి అయిదో రోజు. ఆకు రంగు తిరిగి, ఈనె ఎండుతున్న దశ. ఆ వేడి ఒక్క పూట తగ్గినా ఆమె ఏడాది కష్టం బొగ్గు కింద లెక్క. ఆమె టముకువాణ్ణి ఆపి, ఆ ముల్లేందో నేను కళ్ళతో చూసిందాకా నా పొయ్యి ఆర్పేది లేదని చెప్పి పంపింది. పొయ్యి చూసే మస్తానుకు, అతని బావమరిది ఖాజాకు, ఆకు సర్దే ఆడవాళ్ళకు, నేనొచ్చిందాకా ఎవరూ కదలమాకండని చెప్పి, మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నా ఇంటికి వచ్చింది. ఎలాగూ ఇళ్ళు వదిలి పొలాల్లో కూర్చున్న జనం, వేరే పని లేక ఆమె వెనకే వచ్చారు.

ఈతబుట్టలో ఆమె తాళాల గుత్తి, అడకత్తెర, తలలో పిన్నులు పడ్డాయి.

"ఇంకేమన్నా ఉండాదా అమ్మా?" అన్నాడు ఇజ్రాయేలు.

"నా కడుపులో మంట ఉండాది. అది ఇనుమైతే తీసుకో."

లోపలికి వచ్చి నాకేసి ఒకసారి, చుక్కకేసి ఒకసారి చూసింది. ఆదిశేషయ్య పీట మీద నుంచి లేచాడు. ఒంటి మీద అదే కోటు. రెండోది ఇవ్వవలసిన చాకలి టముకు వినగానే పిల్లాజెల్లాతో అద్దంకి పారిపోయాడు.

"ఇదేనా సారూ, నా పొయ్యి ఆర్పమంది?"

"ఇదేనండి. నిన్న ఇరవై గీతలు తప్పుకుందండి. ఇప్పుడూ పద్నాలుగు మీద ఉంది, చూడండి. నా మాట వినండి సౌభాగ్యమ్మగారూ, ఆకు మళ్ళీ పండుతుంది. మీ పొయ్యి దగ్గర మనుషులున్నారు."

"మడుసులున్నారనే గదయ్యా వచ్చింది. లేకపోతే మీ మాట వినకనే ఉందును."

ఆ మాట అని ఆమె పీట మీద కూర్చుంది. బేరను తలుపుకు ఒక చిన్న గాజు పలక ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా ఆమె రోజూ ఆ పలకలోంచి లోపలి ఆకు రంగు ఏ ఘడియలో ఎంత తిరిగిందో చూసిన మనిషి. ఎదుటివాడు మాట్లాడుతుంటే అతని ముఖం చూడదు, సరుకును చూస్తుంది. ఆదిశేషయ్య రిజిస్టరు తెచ్చి రెండు వరసలూ చూపిద్దామని అటు గోడ దగ్గర బల్ల వైపు నడిచాడు. చుక్క జరిగింది. రిజిస్టరు తీసుకుని తిరిగి వచ్చాడు. చుక్క వెనక్కి వచ్చింది.

"సారూ, ఆ బల్ల కాడికి మళ్ళీ పోండి."

"ఎందుకండీ?"

"పోండి, చెప్తా."

వెళ్ళాడు.

"ఇప్పుడు రాండి."

వచ్చాడు.

"ఇంకొక్కసారి పోండి."

ఆయన రెండుసార్లు వెళ్ళి రెండుసార్లు వచ్చాడు. రెండోసారి సగం దారిలో ఆయన కూడా చుక్కను చూశాడు. చూసి అక్కడే నిలబడిపోయాడు.

"అది భూమిని చూసి కదలడంలా సారూ" అంది సౌభాగ్యమ్మ నెమ్మదిగా. "మిమ్మల్ని చూసి కదులుతాంది."

"నా దగ్గర ఇనుమే లేదండీ! రోజూ తడుముతాడండీ ఇజ్రాయేలు!"

"నెత్తి కాడినుంచి అరికాలు దాకా తడిమానమ్మా" అన్నాడు ఇజ్రాయేలు వాకిట్లోంచి.

"నువ్వు తడిమింది మడిసిని. గుడ్డను తడిమావా? ఆ కోటు బయట విప్పేసి రాండి సారూ."

ఆయన బయటికి వెళ్ళి, అంతమంది ఎదుట కోటు విప్పి ఇజ్రాయేలు చేతికిచ్చి, బనీనుతో లోపలికి వచ్చాడు. సారు బట్టలు విప్పుతున్నాడన్న కబురు జనంలో వెనక వరస దాకా, అక్కడ నుంచి గట్ల మీదుగా ఎంతవరకు వెళ్ళిందో చెప్పలేను. ఆయన నా దగ్గరికి వచ్చాడు, వంగాడు, చుక్క ముందు చెయ్యి ఆడించాడు. నేను కదల్లేదు. కోటు తెప్పించి దూరం నుంచి చూపించాడు. నేను పక్కకు తిరిగాను.

సౌభాగ్యమ్మ ఆ కోటు బయటికి తీసుకుపోయి, కాలరు పళ్ళతో కొరికి విప్పింది. మేకు ముక్క ఆమె అరచేతిలో పడింది. జనం గొల్లున నవ్వారు. నవ్వుల మధ్య నుంచి కనకవల్లి ముందుకు వచ్చింది.

"నేనే కుట్టానండీ" అంది.

"ఎందుకే?"

"రాతింట్లో కూర్చుంటారు కదండీ."

ఆదిశేషయ్య ఆ మేకు ముక్కను సౌభాగ్యమ్మ చేతిలోంచి తీసుకుని పిడికిట్లో పెట్టుకున్నాడు.

సౌభాగ్యమ్మ తాళాల గుత్తి బుట్టలోంచి తీసుకుని, బేరను వైపు రెండడుగులు వేసి, జనంలో ఒక ముఖం చూసి ఆగింది.

"ఒరే మస్తానూ! నువ్వీడుంటే పొయ్యి కాడ ఎవడున్నాడ్రా?"

"ఖాజా ఉన్నాడమ్మా. ఇప్పుడే కట్టెలు ఎగదోసి వచ్చా."

"నేనూ ఈడనే ఉన్నా బావా" అన్నాడు ఖాజా అతని వెనక నుంచి. "సారు చొక్కా ఇప్పుతున్నాడంటేనూ…"

"ఆకు కాడి ఆడోళ్ళు?"

ఆడోళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకాస్త వెనక నిలబడ్డారు. సౌభాగ్యమ్మ చెప్పు తీయడానికి వంగింది. ఆ వంగిన మనిషి అలాగే నేల మీద కూలబడింది.

అప్పుడు వచ్చింది అసలు కంపం. కుండల బండి కాదది, కొండే బండి కట్టుకుని మా ఇంటి కింద నుంచి పోయింది. నా చుక్క పట్టీ దాటి, గోడ ఎక్కి, కప్పు మీదికి పోయి, అక్కడ నుంచి రెండుసార్లు ఆకాశంలోకి వెళ్ళి వచ్చింది. ఆకాశం మాట మీరు నమ్మకపోయినా ఫరవాలేదు. ఇనప మేకు లేని నా ఇల్లు నిలబడింది. చేల అవతల సౌభాగ్యమ్మ బేరను మాత్రం నిలబడలేదు. ఎత్తైన ఇటుక గోడ ఒకటి లోపలికి, ఒకటి పొయ్యి మీదికి ఒరిగాయి. ముందు దుమ్ము లేచింది, ఆ తర్వాత పొగ, ఆ తర్వాత మంట. అయిదు రోజులు ఎండిన ఆకు అంటుకోవడానికి ఎంతసేపు? ఆ గోడ పడ్డ చోటే మస్తాను కూర్చునే గోనెపట్టా ఉంది. చల్లారి ఉన్న మిగతా బేరన్లలో రెండు కూలాయి. ఇళ్ళు ఎన్నో పడ్డాయి. ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు. ఇంట్లో ఎవరున్నారు గనక?

కాసేపటికి జనానికి మాట వచ్చింది. వచ్చిన మొదటి మాట, ముల్లు చెప్పింది! సారు చెప్పాడు! ఒకరిద్దరు అప్పటికే నా వాకిట్లో సాష్టాంగపడ్డారు. సౌభాగ్యమ్మ మంటకేసి చూస్తూ నేల మీదే కూర్చుంది. మస్తాను ఆమె పక్కన గొంతుక్కూర్చుని ఏడుస్తున్నాడు.

"ఏడవమాక" అంది. తర్వాత ఆదిశేషయ్య వైపు తిరిగింది. "సారూ. మీ నోటితో చెప్పండి. ముల్లు చెప్పిందా, చెప్పలా?"

జనమంతా ఆయనకేసి చూశారు. చెప్పిందని ఒక్క మాట అంటే ఆ ఊళ్ళో ఆయనకు గుడి కట్టేవారు. మేకు సంగతి ఊరు ఊరే మింగేసేది. బనీనుతో ఉన్న ఆయన పిడికిలి విప్పి, మేకు ముక్కను అందరికీ కనబడేలా పట్టుకున్నాడు.

"చెప్పలేదండి" అన్నాడు. "నేను పొరబడ్డాను."

"మరయితే ఏందయ్యా ఇది?" అని మంట వైపు చెయ్యి చూపింది.

"అది వచ్చిందండి. ఇది చెప్పలేదు."

సౌభాగ్యమ్మ చీర దులుపుకుని లేచింది. "బాగుంది. నా ఆకు పోయింది, నా మడుసులు మిగిలారు. ఎవరికి దణ్ణం పెట్టమంటారు? ముల్లుకా, మేకుకా, సారు చొక్కాకా?" అని, ఎవరికీ పెట్టకుండా కాలిపోతున్న బేరను వైపు నడిచింది. ఆమె వెనకే మనుషులంతా బిందెలు పట్టుకుని పరిగెత్తారు. మరుసటి ఏడు అదే చోట ఆమె కొత్త బేరను కట్టింది. పొయ్యి గోడ పక్కన కాకుండా, పది బారల అవతల కూర్చుని చూసేలా మనిషికి చోటు కట్టించింది. నాకు తెలిసి ఆ గొడవంతటిలో బుద్ధిగా జరిగిన పని అదొక్కటే.

ఆదిశేషయ్య పై ఆఫీసుకు ఉన్నదున్నట్టు రాశాడు. అక్కడివాళ్ళు ఆ రోజుల కాగితాల మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, మనిషి పొరపాటు, లెక్కలోకి రాదు అని రాసి బీరువాలో పెట్టారు. ఊరు మాత్రం ఆయన మాట నమ్మలేదు. సారు మంచివాడు కనుక గొప్ప చెప్పుకోవడం లేదని తేల్చేసింది. కొన్నేళ్ళకు దగ్గర్లో రైలు పట్టాలు పడ్డాయి, ఆ ఇనుము నాకు సరిపడదని స్టేషను మూసేశారు. నన్ను ఒక పట్నం మ్యూజియంలో గాజు పెట్టెలో, బంకతో అట్ట మీద అంటించి పెట్టారు. కింద చీటీ: భూకంపాన్ని ముందే చెప్పిన ముల్లు. ఉత్తరం ఎటుందో నాకు ఇప్పటికీ తెలుసు, తిరగడానికే వీల్లేదు.

ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు గనక నేను చెప్పని సంగతి ఒకటుంది. కంపం వచ్చిన రోజు, ఆదిశేషయ్య ఇంకా లోపలికి రాకముందే, మేకూ మనిషీ లేని నిశ్శబ్దంలో, నేను నెమ్మదిగా తూర్పుకు ఒరిగాను. ఒక గీతకు తక్కువే. గంటల తరబడి, ఎవరో మెల్లగా నెడుతున్నట్టు. సూర్యుడు ఆ వేళ అలా నెట్టడు. అంతకు ముందు ఎప్పుడూ అలా ఒరగలేదు, ఆ తర్వాతా లేదు. కింద బండలు నలిగాయో, నా పోగు చలికి బిగుసుకుందో నేను చెప్పలేను. కాగితం మీద ఆ ఒరుగు పడింది. దాని మీదుగానే కోటు చేసిన గంతు పడింది, ఆ మొత్తం మీదుగా ఎర్ర సిరా పడింది.

ఒక మధ్యాహ్నం మ్యూజియానికి ఆదిశేషయ్య వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది, నిటారుతనం తగ్గలేదు. చీటీ చదివి, కాపలా ఉన్నావిడ దగ్గరికి వెళ్ళి, అది తప్పండి, మార్పించాలి అన్నాడు. "మార్చమాకండి సారూ, జనం దాని కోసమే వస్తారు" అంది ఆవిడ. ఆయన మళ్ళీ నా దగ్గరికి వచ్చి, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని, గాజు మీదికి వంగాడు.

"ఆ రోజు కాగితం నేను చూశానే" అన్నాడు. "ఎర్ర గీత కింద. నువ్వు తూర్పుకి ఒరిగావు. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు. అయిదు చూసి ఊరంతా టముకు వేయించినవాణ్ణి, ఒక్కటి చూసి ఏమని చెప్పను?"

నేనేం అంటాను. బంక గట్టిది.

ఆయన జేబులోంచి పెన్సిలు తీశాడు. చీటీలో, భూకంపాన్ని ముందే చెప్పిన ముల్లు అన్న మాటల పక్కన, గుండ్రటి పాత అక్షరాలతో 'ఏమో' అని రాశాడు. కళ్ళజోడు సవరించుకుని ఒకసారి సరిచూసుకుని, కింద తేదీ కూడా వేసి వెళ్ళిపోయాడు.